తలకట్టు విరిగిన క్ష

పోయిన వారం విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు వైపు వెళ్ళాను. మా మెషీన్ మావయ్య ప్రభువునందు నిద్రించారు. నాన్నతో కలిసి ఒకే అచ్చాఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. ట్రెడిల్ అనే కాలితో తొక్కే అచ్చు మెషీను నడిపేవారు కాబట్టి మాకు మెషీన్ మావయ్య. అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు.

భూస్థాపన అయ్యాక ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాం. ఎదురింటి కుర్రాడు కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో బండి చైను తుడుస్తున్నాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు ఏడుపు ఆగలేదు. పెట్టె గోతిలోకి దించుతున్నప్పుడు కూడా రాని ఏడుపు. అందరూ మావయ్య కోసమే అనుకున్నారు. కొంత ఆయన కోసమే. మిగతాది దేనికోసమో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అచ్చాఫీసులో యజమాని వెళ్ళిపోయాక మిగిలింది ముగ్గురం. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మావయ్యా లేరు. ఇక నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను.

* * *

రాస్ హిల్ కింద సందులో సున్నం రాలే గోడల మధ్య పొడుగాటి గది, అదే అచ్చాఫీసు. లోపలికి అడుగుపెడితే ముందు కౌంటరు, దాని మీద శుభలేఖల నమూనాలు అంటించిన లావుపాటి పుస్తకం. ఎడమ వైపు నాన్న కేసులు, అంటే సీసపు అక్షరాల గళ్ళపెట్టెలు. చివర్న కిటికీ దగ్గర ట్రెడిల్.

ఇంగ్లీషు అక్షరాలు పేర్చే కంపోజింగుకి రెండు కేసులు చాలు. తెలుగుకి అలా కుదరదు. గుణింతాలు, వత్తులు, అంకెలు, అన్నిటికీ విడివిడిగా గళ్ళు. నాన్న వాటి మధ్య నిలబడి, ఎడమ చేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్ పట్టుకుని, కుడి చేత్తో గళ్ళవైపు చూడకుండానే అక్షరాలు ఏరేవారు. కళ్ళు కాయితం మీద, వేళ్ళు గళ్ళలో. టిక్, టిక్, టిక్. ఒక్కో అక్షరం స్టిక్కులో పడే చప్పుడు అది. సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి. బడిలో పలక మీద అక్షరాలు దిద్దడం పూర్తికాకముందే నేను వాటిని తిరగేసి చదవడం నేర్చుకున్నాను.

మావయ్య పని వేరు. మెషీను దవడ తెరుచుకున్నప్పుడు ఒక చేత్తో అచ్చయిన కాయితం లాగి, రెండో చేత్తో కొత్తది పెట్టాలి. దవడ మళ్ళీ మూసుకునేలోగా రెండు చేతులూ బయటికి రావాలి. ఆయన చూపుడు వేలికి కొస లేదు. అడిగితే, "మెషీన్ తినేసింది అమ్మలూ. ఏది కాయితమో ఏది వేలో దానికి తెలీదు కదా పాపం" అనేవారు. వేలు పోయిన మనిషి మెషీన్ని పాపం అనడం నాకు వింతగా ఉండేది.

బడి వదిలాక నాన్నకి కేరేజీ పట్టుకెళ్ళి, చీకటి పడేదాకా అక్కడే ఉండేదాన్ని. పని అయిపోయిన ఫారాలను, అంటే పేర్చి కట్టిన అక్షరాలను, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అక్షరాలు విడదీసి, ఏ గడిలోవి ఆ గడిలో వేయాలి. సన్న అక్షరాలు నాన్న వేసేవారు. పెద్దవి, హెడ్డింగులవి, నాకిచ్చేవారు. అలా వేస్తున్నప్పుడే ఓసారి 24 పాయింట్ల 'క్ష' నా చేతిలోంచి జారి నాపరాయి మీద పడింది. తలకట్టు కొస ఎగిరిపోయింది. ఆ సైజులో మాకున్న క్ష అదొక్కటే. నాన్న దాన్ని వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసి, "పర్లేదమ్మా, చదువుకోవచ్చు" అని గడిలో వేసేశారు. అప్పటినుంచీ మా అచ్చాఫీసు వేసిన ప్రతి కరపత్రంలోనూ క్షకి తలకట్టు అరకొరగానే ఉండేది.

కిటికీలోంచి హార్బరు చప్పుళ్ళు వినిపిస్తూ ఉండేవి. పొద్దున్నే ఒక కొండ మీంచి గంట, ఇంకో కొండ మీంచి బాంగు, మూడో కొండ మీంచి సుప్రభాతం. మధ్యలో ఛానెల్లోకి వచ్చే ఓడ కూత. డిసెంబరు ఆఖరి రాత్రి మేం గుడిలో మోకాళ్ళ మీద ఉండగా సరిగ్గా పన్నెండింటికి హార్బర్లో ఉన్న ఓడలన్నీ ఒక్కసారి కూత వేసేవి. అయ్యగారు ఆ కూత వినిపించాకే ఆమేన్ అనేవారు. ఎక్కడెక్కడి దేశాల ఓడలో, మా ప్రార్థనకి కూడా అవే గంట కొట్టేవి.

* * *

నాన్నకి తన పనంటే చెప్పలేనంత గర్వం. దానికొక కారణం ఉంది. ఇంగ్లండు నుంచి క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు 1805లో మా ఊళ్ళో దిగారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో డెగ్రాంజ్ సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. పట్టుమని ఐదారేళ్ళు తిరక్కుండానే ఇద్దరూ పోయారు. డెగ్రాంజ్ అనువాదం చేసిన సువార్తలు ఆయన పోయాకే బెంగాల్లోని సిరాంపూర్లో అచ్చయ్యాయి.

"ఆ ముక్కలు మనూళ్ళో కూర్చుని రాసినవే. అచ్చయ్యి మళ్ళీ మనూరికే వచ్చాయి" అని నాన్న ప్రతి కొత్త మనిషికీ చెప్పేవారు. తను కంపోజు చేసే సువార్త కూటాల కరపత్రాలన్నీ ఆ పనికి కొనసాగింపే అన్నట్టు మాట్లాడేవారు. 1812 మార్చిలో సిరాంపూరు అచ్చాఫీసు తగలబడి, ఎన్నో భాషల అక్షరాలు కరిగి ముద్దలైపోతే, అక్కడివాళ్ళు ఆ ముద్దల్నే ఏరుకుని మళ్ళీ అక్షరాలు పోతపోశారట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. సీసం గురించి అంత ఆర్తిగా మాట్లాడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

* * *

మా సండే స్కూలు టీచరమ్మ గురించి చెప్పాలి. చిన్నతనంలోనే భర్త పోయారు. కుట్టుమిషను మీద బతికేవారు. తెల్ల చీర, మోచేతుల దాకా జాకెట్టు, మెడలో ఎప్పుడూ టేపు. ఆదివారం కూడా ఆ టేపు తీయడం మర్చిపోయి వచ్చేవారు.

ఆవిడ బైబిలు కథలు చెప్పే తీరు వేరు. ఒకసారి ఆదికాండం నాలుగో అధ్యాయం చెప్పారు. అందరూ కయీను హేబెలుల దగ్గర ఆపేస్తారు, ఆవిడ ఆపలేదు. కయీను వంశంలో లెమెకు అని ఒకడు. వాడికి ముగ్గురు కొడుకులు. ఒకడు గుడారాలు వేసి పశువుల్ని మేపాడు. ఒకడు సితారా, సన్నాయి వాయించాడు. మూడోవాడు తూబల్కయీను, రాగితో ఇనుముతో పనిముట్లు చేశాడు. "ఎంత తెలివైన ఇల్లో చూడండి పిల్లలూ" అన్నారు. "మరి అంత తెలివైన ఇంట్లో వాళ్ళ నాన్న పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టుకుని ఏం పాట పాడాడు? నన్ను గాయపరిచినందుకు ఒకణ్ణి చంపేశానని పాడాడు. కొడుకు సంగీతం కనిపెడితే తండ్రి దాన్లో హత్య పెట్టుకున్నాడు."

"మరి ఇనుము చెడ్డదా టీచరమ్మా?" అని మాలో ఎవరో అడిగారు.

ఆవిడ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, సంచిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టారు. "ఇది లేకపోతే మీకు క్రిస్మస్ గౌన్లు ఎక్కడివి?" అన్నారు. అంతే. ఇంకేం వివరించలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి నాయనమ్మకి ఈ కథ చెప్తే, ఆవిడ తన కథ చెప్పింది. నాయనమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఈస్టరు మర్నాడు, 1942 ఏప్రిల్ 6న, జపానువాళ్ళ విమానాలు మా ఊరి మీదికి వచ్చాయి. ఈస్టరు చీర ఇంకా ఉతకలేదట. ఆకాశంలో చప్పుడు వింటే పిల్లలంతా డాబాలెక్కి చేతులూపారట. తర్వాత హార్బరు వైపు బాంబులు పడ్డాయి. సాయంత్రానికి ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయింది. ఆ దాడిలో పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచి రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. మా మనవరాలికి కూడా చూపించాను.

మరుసటి ఆదివారం టీచరమ్మకి ఈ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, విమానం కనిపెట్టిన రైట్ సోదరులు ఒక బిషప్పుగారి కొడుకులని చెప్పారు. 1903లో మొదటిసారి ఎగిరారు. ఇంకా నలభై ఏళ్ళు కూడా నిండలేదు, ఈస్టరు పండక్కి మర్నాడు అదే విమానం మా నాయనమ్మ నెత్తి మీదికి వచ్చింది. "ఆ అన్నదమ్ముల్లో చిన్నాయన అప్పటికి బతికే ఉన్నాడమ్మా. ఆయన మనసు ఎలా ఉండేదో" అన్నారు టీచరమ్మ. బాంబు వేసినవాడి గురించి కాకుండా విమానం చేసినవాడి మనసు గురించి అడిగిన మనిషి ఆవిడొక్కరే.

* * *

ఇక ఆ రాత్రి.

కూటాల వారం అది. 'రక్షణ సువార్త కూటములు' అని పెద్దక్షరాల హెడ్డింగుతో కరపత్రాలు వేసి ఇచ్చేశాం. ఆ ఫారం ఇంకా విప్పలేదు, రాతిబల్ల మీద పురికొసతో కట్టే ఉంది. నేను కేరేజీ పట్టుకెళ్ళేసరికి యజమానీ, మా సంఘపెద్ద ఒకాయనా లోపల ఉన్నారు. చేత్తో రాసిన కాయితం నాన్న చేతిలో పెట్టారు. మూడొందల కాపీలు, ఆదివారం పొద్దుటికి కావాలి, కింద అచ్చాఫీసు పేరు వద్దు.

నాన్న కాయితం చదివారు. మళ్ళీ చదివారు. "పేరు లేకుండా వేయకూడదండి" అన్నారు మెల్లగా. నిజమే, అచ్చయిన ప్రతి కాయితం మీదా ముద్రించినవారి పేరూ ఊరూ ఉండాలని 1867 నాటి చట్టం అప్పట్లో ఉండేది. యజమాని ఏమన్నాడో నాకు పూర్తిగా వినబడలేదు. 'అడ్వాన్సు' అన్న మాట ఒక్కటి వినబడింది. నా స్కూలు ఫీజు కోసం తీసుకున్న అడ్వాన్సు అది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు.

హెడ్డింగు 'రక్షణ పొందినవారి నడత ఇదేనా?' అని. నాన్న రాతిబల్ల దగ్గరికి వెళ్ళి, కూటాల ఫారం పురికొస విప్పి, 'రక్షణ' అన్న మూడక్షరాలూ అలాగే ఎత్తి ఈ పనిలోకి మార్చారు. మళ్ళీ ఏరే అవసరం కూడా లేకపోయింది. ఆ పూట టిక్ టిక్‌లు తప్ప గదిలో వేరే చప్పుడు లేదు.

ప్రూఫు తీసి ఎప్పటిలాగే నాకిచ్చారు. "చదువమ్మా, తప్పులున్నాయేమో."

చదివాను. స్త్రీల సమాజం వారు ప్రతి పూటా వండేముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం డబ్బు ఎవరో తినేశారని, దాంతోనే ఇంట్లో కుట్టుమిషను వెలిసిందని, అలాంటివారి దగ్గరికి పిల్లల్ని పంపవచ్చునా అని ఉంది. ఎక్కడా పేరు లేదు. పేరు అక్కర్లేదు కూడా. నేను చదువుతున్నది తప్పులకోసం కాబట్టి తప్పులే చూశాను. "నాన్నా, బియ్యానికి వత్తు పడలేదు" అన్నాను. నాన్న చిమటాతో వరసల మధ్య సీసపు బద్ద, లెడ్డు, కదిపి యవత్తు పెట్టారు. తప్పు పట్టుకున్నానని నాకు కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఆ మాట ఇవాళ రాయడం కష్టంగా ఉంది గాని, అనిపించింది.

మావయ్య ఆ మూడొందలూ తొక్కారు. రోజూ పాడుకుంటూ తొక్కే మనిషి ఆ రాత్రి పాడలేదు. ఇంటికి నడిచొస్తూ సగం దూరం వచ్చాక నాకు కుట్టుమిషను గుర్తొచ్చింది. మెడలో టేపు గుర్తొచ్చింది. నాన్న చెయ్యి పట్టుకుని ఆగిపోయాను. నాన్న ఆగలేదు. నా చెయ్యి వదిలేసి నడిచారు.

* * *

ఆదివారం గుళ్ళో ప్రతి బెంచీ మీదా ఆ కాయితాలున్నాయి. టీచరమ్మ ఎప్పటిలా మూడో వరసలోకి వచ్చి, ఒకటి తీసుకుని నిలబడే చదివారు. హెడ్డింగు మీద ఆవిడ చూపు చాలాసేపు ఆగింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి బైబిల్లో పెట్టుకుని, కీర్తన అందుకున్నారు. గొంతు వణకలేదు.

అసలు సంగతి ఏమిటంటే, అంతకు రెండు వారాల ముందు సంఘం మీటింగులో గుడి మరమ్మతుల లెక్కలు చదవమని లేచి అడిగింది ఆవిడే. అదొక్కటే ఆవిడ చేసిన నేరం.

క్లాసుకి పిల్లలు తగ్గిపోయారు. మా అమ్మ కూడా నన్ను పంపలేదు. కుట్టుపని ఇచ్చేవాళ్ళు తగ్గారు. రెండు నెలలకి మిషను రిక్షాలో పెట్టుకుని, భీమిలిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ రిక్షా మా సందు చివరినుంచే వెళ్ళింది. నేను కిటికీ తలుపు వెనక నిలబడి చూశాను.

యంత్రం మంచిదీ కాదు చెడ్డదీ కాదు, వాడేవాణ్ణి బట్టి ఉంటుందని అంటారు. నాకు ఆ మాట చాలదు. దేవుడు తాను చేసినదంతా చూసి చాలమంచిదని అన్నాడు. ఆ మంచిలోంచే మనిషి చేతికి నేర్పు వచ్చింది, ఆ నేర్పులోంచే అక్షరం అచ్చయింది. మా నాన్న కేసుల్లో ఉన్నది ఏ గుణమూ లేని సీసం కాదు, అది ఒక వరం. అందుకే ఆ రాత్రి జరిగింది అంత నొప్పి. ఏ విలువా లేనిదాన్ని పాడుచేస్తే ఎవరికి బాధ?

ఆ ఏడే అక్టోబరు ఆఖరి ఆదివారం, డబ్బు తీసుకుని పాపపరిహార పత్రాలు అమ్మడాన్ని లూథరు 1517లో ఎదిరించిన సంగతి గురించి అయ్యగారు ప్రసంగం చేశారు. అచ్చుయంత్రం ఉండబట్టే ఆ మాట అన్ని ఊళ్ళకీ పాకిందని చెబుతూ, ఇంకో సంగతి కూడా చెప్పారు. ఐరోపాలో అచ్చు మొదలుపెట్టిన గుటెన్‌బర్గ్ కాలంలో, ఆయన తొలి బైబిలు తయారవుతున్న 1454, 1455 సంవత్సరాల్లోనే, పాపపరిహార పత్రాలు కూడా అచ్చులో వచ్చేశాయట. డబ్బిచ్చినవాడి పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలిపెట్టిన పత్రాలు. నాన్న ఆ మాట వినగానే తల దించుకున్నారు. ఇంటికొచ్చాక, "మనం రసీదు బుక్కులు వేసినట్టే వేశారన్నమాట" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అప్పటికే ఆ క్ష గడిలో లేదు. చొక్కా జేబులో చిమటా పక్కన తిరుగుతోంది. యజమాని అడిగితే పోయిందని చెప్పారు. ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషి. రక్షణ అన్న మాట హెడ్డింగులో వస్తే చిన్న సైజులో పెట్టేసేవారు.

* * *

ఇదంతా చిన్నప్పటి సంగతి, పెద్దయ్యాక నాకు బుద్ధి వచ్చిందని చెప్పలేను. 2020 మే 7న తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీలోంచి స్టైరీన్ గ్యాసు వచ్చి 12 మంది పోయారు. మనం వాడే ప్లాస్టిక్ కప్పులకీ డబ్బాలకీ పనికొచ్చే సరుకే అది. కావలసిన చల్లదనంలో, కావలసిన శ్రద్ధతో ఉంచితే ట్యాంకులో పడి ఉండేది. నిద్రలో ఉన్నవాళ్ళు, పశువులు ఆ పూట కుప్పకూలిపోయారు, చెట్ల ఆకులు మాడిపోయాయి. సృష్టి అంతా మూలుగుతోందని పౌలు రాసిన మాట ఆ రోజు టీవీలో కనబడింది నాకు.

ఆ రాత్రి ఫోన్లో మెసేజ్ వచ్చింది, ట్యాంకు పేలబోతోంది, పారిపొమ్మని. ఎవరు రాశారో లేదు. గోపాలపట్నంలో ఉన్న చుట్టాలందరికీ నేను పంపేశాను. టెన్షన్‌లో అలా చేశానని చెప్పుకోవచ్చు. మా ఆడపడుచు కోడలు చంటిబిడ్డని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్డు మీద నాలుగు గంటలు నడిచింది. ట్యాంకు పేలలేదు. పొద్దున్న ఫోను చూసుకుంటే, కింద అచ్చాఫీసు పేరు లేని కాయితం నా చేతిలోంచి వెళ్ళింది మళ్ళీ. మూడొందల కాపీలకి మావయ్య గంటల తరబడి కాలు ఆడించాలి. నాకు బొటనవేలు చాలింది.

* * *

టీచరమ్మ వెళ్ళిపోయిన ఏడాదికి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న నన్ను తీసుకుని భీమిలి బస్సెక్కారు. ఎందుకో చెప్పలేదు. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర్లో చిన్న పెంకుటిల్లు. కిటికీ దగ్గర మిషను, మిషను దగ్గర ఆవిడ. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు.

"వందనాలు అక్కయ్యగారూ" అని నాన్న జేబులోంచి క్ష తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఆ కాయితం నేనే కంపోజు చేశాను."

ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమి చూశారు. "నాకు ఆ రోజే తెలుసు తమ్ముడూ. ఎన్నేళ్ళుగా మీ కరపత్రాలు పంచుతున్నాను, మీ క్ష నాకు తెలీదా?"

"మరి ఎవరికీ చెప్పలేదేమండి?"

"చెబితే నీ పని పోదా? ఈ పిల్ల చదువు ఏమవుద్ది?"

నాన్న గోడకి ఆనుకుని కూలబడిపోయారు. అప్పుడు నేను అన్నాను, బియ్యానికి వత్తు నేనే పెట్టించానని. ఏడాదిగా గొంతులో ఉన్న మాట. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని, "బియ్యానికి వత్తు ఉండాల్సిందేగా అమ్మా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది.

"దీన్ని ముట్టుకోలేకపోతున్నానండి. కరిగించేద్దామనుకున్నా, మనసొప్పలేదు" అన్నారు నాన్న.

"దీని తప్పేటుంది? సాతానుకి సొంత అచ్చాఫీసు ఉందేటి తమ్ముడూ? దేవుడు మనకిచ్చిందే రాత్రిపూట వచ్చి అద్దెకడుగుతాడు. మనం ఇచ్చేస్తాం. తెల్లారాక వెళ్ళి మళ్ళీ తెచ్చుకోవాల." అలా అని క్షని నాన్న జేబులో వేసేశారు. తర్వాత టీ పెట్టారు. టీ తాగుతూ నా గౌను అంచు ఊడిపోవడం చూసి, విప్పించి, అక్కడే మిషను మీద కుట్టి ఇచ్చారు.

నాన్న మరుసటి వారమే సంఘం కమిటీ ముందు నిలబడి జరిగింది చెప్పారు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. రాయించిన పెద్దమనిషి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ముందు బెంచీలోనే కూర్చున్నాడు. యజమాని నాన్నని పనిలోంచి తీసేసి, తెలుగు కంపోజిటరు దొరక్క నెల తిరక్కుండా మళ్ళీ కబురుపెట్టాడు. గుడిలో ఆవిడకి క్షమాపణ చెప్పించాలని నాన్న చాలా తిరిగారు. అది జరగలేదు. ఆవిడ మా ఊరు తిరిగి రాలేదు.

సీసపు అక్షరాలు అక్కర్లేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక ఆ సీసమంతా కిలోల లెక్కన అమ్మేశారు. క్ష ఒక్కటి నా దగ్గరుంది, గుండుసూదుల డబ్బాలో.

భీమిలి వెళ్ళొచ్చిన ఆ ఏడు కూటాలకి మళ్ళీ కరపత్రం వచ్చింది. నాన్న 'ర' ఏరారు, జేబులోంచి క్ష తీసి పక్కన పెట్టారు, 'ణ' పెట్టారు. మావయ్య ఒక్క ముక్క అడగలేదు, రోలరుకి ఇంకు పట్టించి పాట అందుకున్నారు. తడి ఆరని మొదటి కాయితం నాన్న రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసి, నాకిచ్చారు.

"చదువమ్మా, తప్పులున్నాయేమో."

ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. ప్రసంగీకుల పేర్లు, వేళలు, స్థలం. కింద అచ్చాఫీసు పేరు, విశాఖపట్నం-1. మూడో వరసలో 'ఆహ్వానము'కి వత్తు పోయింది. చెప్పాను. నాన్న చిమటా అందుకున్నారు.